బాయిలర్ ముందు కుర్చీ

స్క్రూ తల మీద నేను వేసిన రంగు అలాగే ఉంది. ఎక్కడా చిన్న గీత కూడా పడలేదు.

వంటగట్టు మీద చెంప ఆనించి, మెడ పైకి తిప్పి, గోడకున్న బాయిలర్ అడుగుభాగాన్ని చూస్తున్నాను. టీ చెంచా కేటిల్ వెనక్కి జారిపోతే తీయడానికి వంగానంతే. లేకపోతే బాయిలర్‌ని కింది నుంచి చూడాల్సిన పని ఎవరికీ పడదు. దాని ముందు మూతను పట్టి ఉంచేవి రెండే స్క్రూలు. రెండింటి మీదా లేత ఆకుపచ్చ రంగు గడ్డకట్టి ఉంది. స్క్రూడ్రైవర్ పెట్టే గాడి కూడా పూడిపోయింది.

ఆ వంటగదికి రంగు వేసింది నేనే. మా పాతికేళ్ల పెళ్లిరోజు వస్తోందని, బాయిలర్ చుట్టూ కాగితం అతికించడానికి బద్ధకించి, బ్రష్‌తో అలా లాగేశాను. కారిన రంగు తర్వాత తుడుద్దాంలే అనుకుని మర్చిపోయాను. అది జరిగి మూడేళ్లు. ఆ మూడేళ్లలోనూ ప్రతి అక్టోబరులో బాయిలర్ సర్వీసు చేయడానికి రస్సెల్ వచ్చాడు. మొన్న సోమవారం కూడా వచ్చి వెళ్లాడు.

స్క్రూ తిప్పకుండా మూత రాదు. రంగు పగలకుండా స్క్రూ తిరగదు.

గోడకి అవతల ముందుగదిలో మా మామగారు హోరేస్ మధ్యాహ్నపు కునుకు తీస్తున్నారు. గనిలో పీల్చిన బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి ఆయన మెట్లు ఎక్కలేకపోతున్నారని, వేసవిలోనే మంచం కిందకి దింపాం. ఆయన తలకీ బాయిలర్‌కీ మధ్య ఉన్నది ఒక్క ఇటుక గోడ.

చెయ్యి చాచి బాయిలర్ ఆపేశాను. కిటికీ తెరిచాను. వెనక తలుపు బార్లా తీశాను. తర్వాత ముందుగదిలోకి వెళ్లి ఆయన ఛాతీ పైకీ కిందకీ ఆడుతోందో లేదో చూశాను. ఆడుతోంది.

గ్యాస్ సరిగ్గా మండకపోతే వచ్చే విషవాయువుకి రంగుండదు, వాసనుండదు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. దాన్ని పసిగట్టి అరవడానికి గోడకి ఒక చిన్న డబ్బా పెట్టించుకున్నాం కదా అని గుర్తొచ్చి హాల్లోకి పరిగెత్తాను. మీట నొక్కితే చప్పుడు లేదు. వెనక మూత తీస్తే లోపల బ్యాటరీలు లేవు. అవి టీవీ రిమోట్‌లో ఉన్నాయి. రగ్బీ మ్యాచ్ రోజున రిమోట్ పనిచేయకపోతే మామయ్య తీసి వేసుకున్నారట. ఆ సంగతి ఆయన తర్వాత చాలా మామూలుగా చెప్పారు.

మాది బార్న్స్‌లీ దగ్గర ఒక గని ఊరు. గని మూసేసి ముప్ఫయ్యేళ్లు దాటినా మా పద్ధతులింకా గనివే. మామయ్య వయసులో ఉన్నప్పుడు బొగ్గు తవ్వుతుంటే ఒక మేస్త్రీ వెనకే నిలబడి చూస్తూ ఉన్నాడట. ఈయన పార తీసి వాడి చేతిలో పెట్టి, నీకంత ముచ్చటగా ఉంటే నువ్వే తవ్వుకో అని ఇంటికొచ్చేశారట. ఆ వారం కూలి పోయింది కానీ ఆ కథ ఈనాటికీ మా వీధిలో చెప్పుకుంటారు. పనిచేసేవాడి వెనక నిలబడకూడదు. మా ఇంట్లో అదొక శాసనం. నేను కోడలిగా వచ్చిన వారంలోనే నేర్చుకున్నాను. నీళ్ల గొట్టాలవాడు గానీ కరెంటువాడు గానీ వస్తే, చక్కెర దండిగా వేసి టీ ఇవ్వాలి, బిస్కెట్ల డబ్బా పక్కన పెట్టాలి, వంటగది తలుపు మెల్లగా మూసేసి అవతలికి వెళ్లిపోవాలి.

బజారులో చేపముక్క తూకం కాస్త తగ్గితే కొట్టువాడి తల తినేసే మామయ్య, ఇంట్లో పనిచేసి వెళ్లేవాణ్ని మాత్రం ఏం చేశావని ఒక్క మాట అడగరు. అడిగితే వాణ్ని దొంగ అన్నట్టేనని ఆయన లెక్క. ఆయనే కాదు, వీధంతా అంతే.

రస్సెల్ విషయంలో ఆ మర్యాద ఇంకో మెట్టు పైనుండేది. రస్సెల్ వాళ్ల తాత వాల్టర్, మామయ్య ఒకే చోట పక్కపక్కన బొగ్గు తవ్వారు. రస్సెల్ వచ్చాడంటే వంటగదిలో ఒక పది నిమిషాలు ఏవో చప్పుళ్లు వినిపించేవి. తర్వాత టీ కప్పు పట్టుకుని ముందుగదిలోకి వచ్చి మామయ్య మంచం పక్కన కూర్చునేవాడు. గని కబుర్లు, రగ్బీ కబుర్లు. మామయ్య దగ్గుతూ నవ్వేవారు. అతను వెళ్లాక, కుర్రాడంటే అలా ఉండాలి అనేవారు. నిజానికి కుర్రాడికి నలభై దాటాయి.

సర్వీసు కంపెనీకి ఫోన్ చేశాను. నెలనెలా మా ఖాతాలోంచి డబ్బు లాక్కునే కంపెనీ అది. ఫోనెత్తిన అమ్మాయి చాలా మంచిగా మాట్లాడింది. సర్వీసు సోమవారమే పూర్తయిందని, అన్నీ సవ్యంగా ఉన్నాయని వాళ్ల కంప్యూటర్‌లో ఉందట. సర్వీసంటే ఏమేం చేస్తారో కాస్త చదివి చెప్పమన్నాను. చదివింది. ముందు మూత తీస్తారు. మంట మండే గది తలుపు చుట్టూ, పొగ బయటికి రాకుండా ఉన్న సీలు పట్టీ చూస్తారు. నీళ్లు చేరే గిన్నె శుభ్రం చేస్తారు. పొగగొట్టంలో పరికరం పెట్టి, గ్యాస్ ఎలా మండుతోందో కొలుస్తారు.

“మూత తీయడం మొదటి పనా?” అన్నాను.

“అవునండీ. అది తీయకపోతే మిగతావేవీ కుదరవు కదా.”

మళ్లీ మనిషిని పంపమంటే వచ్చే వారం చివరికి గానీ వీలుకాదంది. ఫిర్యాదు రాసుకోనా అని కూడా అడిగింది. అప్పటికి వద్దన్నాను. ఎందుకన్నానో తెలియదు. బహుశా మామయ్య నిద్ర లేచిన చప్పుడైనందుకేమో.

“ఇల్లు ఇలా గడ్డకట్టిందేమిటి అమ్మాయ్? కిటికీలు తెరిచావా? నీకు మళ్లీ ఆ ఒంట్లో ఆవిర్లు మొదలయ్యాయా?” అన్నారు లోపల్నుంచి.

వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మొహం ముడుచుకుపోయింది.

“రస్సెల్ అలాంటివాడు కాదు.”

“అయితే మూత ఎలా తీశాడు మామయ్యా? మంత్రం వేశాడా?”

“నువ్వు వాడి వెనక నిలబడి చూశావా?”

“చూడలేదు. చూసుంటే బాగుండేది.”

ఆ మాట ఆయనకి తగిలింది. గోడవైపు తిరిగి పడుకున్నారు. రస్సెల్ వచ్చి నా కళ్లెదుట మూత తీస్తే తప్ప బాయిలర్ వెలిగించనని చెప్పేశాను.

ఆ సాయంత్రానికి ఇల్లు నిజంగానే చల్లబడిపోయింది. మా ఆయన నీల్ వాడుకునే చిన్న కరెంటు హీటర్ తెచ్చి మంచం దగ్గర పెట్టాను. నీల్ సముద్రంలో గాలిమరలు బాగుచేసే పడవ మీద పని చేస్తాడు. పదిహేను రోజులు అక్కడ, పదిహేను రోజులు ఇక్కడ. ఫోన్‌లో చెబితే అక్కడ కూర్చుని కంగారు పడడం తప్ప చేసేదేమీ లేదు. అందుకని చెప్పలేదు. మామయ్య ఒక స్వెట్టరు మీద ఇంకో స్వెట్టరు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, దుప్పటి కప్పుకున్నా దగ్గు ఆగలేదు. చలిగాలి తగిలితే ఆయన ఊపిరి తాడుతో బిగించినట్టవుతుందని డాక్టరు ఎన్నిసార్లో చెప్పింది. వెలిగిస్తే ఒక భయం. వెలిగించకపోతే ఇంకో భయం. ఆ రెండింటి మధ్య నేను వేడినీళ్ల సీసాలు నింపుతూ తిరిగాను.

మర్నాడు పొద్దున నేను వంటగదిలోకి వచ్చేసరికి ఆయన అక్కడున్నారు. ఎలా నడిచి వచ్చారో, ఎన్నిచోట్ల ఆగి వచ్చారో తెలియదు. గట్టు మీద చెంప ఆనించి, నేను నిన్న చూసినట్టే, టార్చి వేసి పైకి చూస్తున్నారు. బొటనవేలి గోరుతో స్క్రూ మీద రంగుని గీకి చూశారు. మెల్లగా లేచి నిలబడి ఊపిరి కుదుటపడేదాకా సింకు పట్టుకున్నారు.

ఫోన్ ఇమ్మని చెయ్యి చాచారు.

రస్సెల్ సొంత నంబరు ఆయన దగ్గరుంది. పని దిగాక ఒకసారి ఇటు వచ్చి వెళ్లమన్నారు. ఎందుకని అవతల అడిగినట్టుంది. “వస్తే తెలుస్తుందిలే” అని పెట్టేశారు.

నాలుగింటికి వ్యాన్ వచ్చి ఆగింది. రస్సెల్ ఎప్పటిలాగే బూట్లు గుమ్మం దగ్గర విడిచి, “ఏమక్కా, ఇల్లు చల్లగా ఉంది, తాతని మంచుపెట్టెలో దాస్తున్నావా?” అంటూ లోపలికొచ్చాడు. నేను నవ్వలేదు. వంటగదిలోకి చెయ్యి చూపించాను. అలవాటు కొద్దీ టీ పెట్టాను. అలవాటు కొద్దీ కప్పు గట్టు మీద పెట్టి, బయటికొచ్చి తలుపు మూయబోయాను.

“ఉండనీ” అన్నారు మామయ్య.

ముందుగదిలోంచి తన కుర్చీ ఈడ్చుకుంటూ వస్తున్నారు. సాయం పట్టబోతే తల అడ్డంగా ఊపారు. కుర్చీ తెచ్చి వంటగది మధ్యలో, బాయిలర్‌కి ఎదురుగా వేసుకుని కూర్చున్నారు. చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకున్నారు.

రస్సెల్ ఆయన్ని చూశాడు. నన్ను చూశాడు. తర్వాత వంగి బాయిలర్ అడుగున చూశాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. అతని చెవులు ఎర్రబడడం నాకు కనిపించింది.

“తాతా,” అన్నాడు లేవకుండానే.

“మూత తియ్యి.”

బ్లేడుతో రంగు కోశాడు. అది పెంకులా రాలి గట్టు మీద పడింది. మొదటి స్క్రూ కిర్రుమంది. రెండోది అంత తేలిగ్గా రాలేదు. మూత కిందకి దింపి నేల మీద పెట్టాడు. లోపల మంట గది తలుపు విప్పగానే దాని చుట్టూ ఉండాల్సిన సీలు మెత్తగా రావాల్సింది పోయి, ఎండిన రొట్టె అంచులా ముక్కలు ముక్కలుగా రాలింది. ఒక మూల లోహం మీద గోధుమరంగు మరక. లోపలి వేడి బయటికి తన్నుకొచ్చిన గుర్తు అది. ఆ మరక మీద రస్సెల్ వేలు పెట్టి తీసేశాడు.

“లీకైన పొగ ఇంకా బయటి మూత లోపలే ఆగింది తాతా. గదిలోకి రాలేదు.” రాలిన సీలు ముక్కలు అరచేతిలోకి తీసుకున్నాడు. “ఇలాగే వదిలేస్తే ఈ చలికాలం గడిచేది కాదు.”

రాలేదు అన్న మాట ఒక్కటే నా చెవుల్లో తిరుగుతోంది.

“అన్ని ఇళ్లూ ఇంతేనా?” అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. అన్నీ కాదట. కంపెనీ రోజుకి ఎన్ని ఇళ్లు ఇస్తుందంటే, నిజంగా అన్నీ చేస్తే భోజనం చేయడానికి కూడా వ్యవధి ఉండదట. ఎక్కడో ఒకచోట తగ్గించుకోవాలి. చాలా ఇళ్లలో మనుషులు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి, ప్రతిదీ అడుగుతారు. ఒక్క టీ చుక్క పోయరు. అక్కడ తూచా తప్పకుండా చేస్తాడు. మా ఇంట్లో టీ ఇచ్చి తలుపు మూసేవాళ్లం.

“రోజు మొత్తానికి కూర్చునేది ఇక్కడే తాతా,” అన్నాడు నేలవైపు చూస్తూ. “మా తాత గురించి చెప్పేవాళ్లు ఇంకెవరూ లేరు నాకు. మీతో కూర్చునే ఆ కాసేపటినీ ఈ పని వేళలోంచే తీసుకున్నాను. మరీ పాత బాయిలరేం కాదు కదా, ఏం కాదులే అనుకున్నాను.”

కేకలు వేద్దామని నోరు తెరిచాను. మామయ్య వేలు కొంచెం పైకెత్తారు. అంతే, మూసుకున్నాను.

“మీ తాత ఎడమ చెయ్యి గుర్తుందా?” అన్నారాయన.

“కాలింది కదా. పెళ్లిళ్లలో కూడా గ్లవ్ తీసేవాడు కాదు. గనిలో మంట లేచిందన్నాడు.”

“ఎందుకు లేచిందో చెప్పాడా?”

చెప్పలేదని రస్సెల్ తల ఊపాడు.

మామయ్య ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పారు. “మేం గనిలోకి దిగకముందే లాంతరు పట్టుకుని ఒకడు లోపలికి వెళ్లేవాడు. గాలిలో గ్యాస్ ఉందేమో చూసి, లేకపోతే దూలం మీద సుద్దముక్కతో తన పొడి అక్షరాలు, తేదీ రాసేవాడు. ఆ రాత చూసుకునే మేం లోపలికి పోయేవాళ్లం. అలా వెళ్లేవాళ్లలో ఒకడికి మోకాళ్ల నొప్పులు. మంచివాడే. అందరికీ పొగాకు పెట్టేవాడు, జోకులు చెప్పేవాడు. వాడు చివరిదాకా పాకడం మానేసి, ఇవతలే కూర్చుని రాసేసేవాడు. వాడంటే ఉన్న ఇష్టం కొద్దీ ఎవరం ఏమీ అడగలేదు.”

“ఆ రోజు నా ముందు వాల్టర్ వెళ్లాడు,” అన్నారు. “వాడు ముందు, నేను వెనక. అంతే తేడా.”

టీ కప్పు మీద ఆవిరి ఎప్పుడో ఆగిపోయింది.

“ఆ తర్వాత మాకు మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. బొగ్గు తవ్వేవాడి వెనక ఎవడూ నిలబడకూడదు. గాలి చూసేవాడి పక్కన మాత్రం ఒకడుండాలి. ఆ మొదటి సగమే నేను ఇంటికి తెచ్చుకున్నాను.” ఆయన కుర్చీలో కొంచెం ముందుకి జరిగారు. “సరే. నీ దగ్గర కొత్త సీలుందా?”

“వ్యాన్‌లో ఉంది తాతా.”

“తెచ్చెయ్యి మరి. చలేస్తోంది.”

ఆ సాయంత్రం నేను మొదటిసారి బాయిలర్ సర్వీసంటే ఏమిటో చూశాను. పాత సీలు ముక్కలన్నీ గీకి తీసి కొత్తది కూర్చాడు. నీళ్ల గిన్నె విప్పితే అందులోంచి నల్లటి బురద వచ్చింది. పొగగొట్టంలో పరికరం పెట్టి, దాని తెర మీద అంకెలు ఆగేదాకా ఉండి, మామయ్య కళ్ల ముందుకి తెచ్చి చూపించాడు. ఎంత ఉండాలి అని ఆయన అడిగారు. చెప్పాడు. ఎంత ఉంది అని అడిగారు. అదీ చెప్పాడు. మళ్లీ ఒకసారి కొలవమన్నారు. మారు మాట లేకుండా కొలిచాడు. చివర్లో వ్యాన్‌లోంచి కొత్త బ్యాటరీలు తెచ్చి హాల్లో డబ్బాకి వేసి మీట నొక్కితే, అది వీధి చివరిదాకా వినపడేలా అరిచింది. ఇన్నేళ్ల కాపురంలో అంత కమ్మని చప్పుడు నేను వినలేదు.

రేడియేటర్లు టిక్కుటిక్కుమంటూ వేడెక్కడం మొదలెట్టాయి. మామయ్య టోపీ తీసేశారు.

వెళ్లబోతూ రస్సెల్ గుమ్మం దగ్గర బూట్లు కట్టుకుంటూ చాలాసేపు ముడి వేశాడు. కంపెనీకి తనే చెబుతానన్నాడు. చెప్పుకో, అది నీ ఇష్టం అన్నారు మామయ్య. ఇంకో ప్రశ్న వేశారు.

“మాలాగా తలుపు మూసే ఇళ్లు ఇంకెన్నున్నాయి?”

“బెరిల్‌గారిది ఒకటి,” అన్నాడు రస్సెల్. “పై వీధిలో ఇంకొకటి.”

బెరిల్ మా వీధిలోనే, రోడ్డుకి అవతలి వైపు ఉంటుంది. ఒంటరిది, ఎనభై దాటింది.

“రేపు పొద్దున,” అన్నారు మామయ్య. “నేనూ వస్తాను.”

వేసవి తర్వాత గుమ్మం దాటని మనిషి మర్నాడు నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటారు. నా రెండో చేతిలో ఆయన మడత కుర్చీ. మధ్యలో దీపస్తంభం దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నారు. బెరిల్ మమ్మల్ని, మా వెనక రస్సెల్‌ని, ఆ కుర్చీని చూసి, ఎవరైనా పోయారా అని అడిగింది. ఆయన నేరుగా వంటగదిలోకి వెళ్లి కూర్చున్నారు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

“మనిషి పనిచేస్తుంటే ఎదురుగా బైఠాయిస్తావేంటి హోరేస్? నిన్ను పెంచినావిడ చూస్తే ఏమనుకుంటుంది?”

“నీకూ ఒక కుర్చీ తెచ్చుకో బెరిల్. బిస్కెట్లు కూడా తెచ్చుకో. చూడ్డానికి బాగానే ఉంటుంది.”

బెరిల్ బాయిలర్‌లో సీలు బాగానే ఉంది. గిన్నె మాత్రం పూడిపోయి ఉంది. పై వీధి ఇంట్లో ఏ లోపమూ కనపడలేదు. ఆ సంగతి చెప్పడానికి రస్సెల్ మధ్యాహ్నం ఫోన్ చేశాడు. మామయ్య మంచి మాట అని పెట్టేసి, చారులో రొట్టె ముంచుకుని మళ్లీ వడ్డించమన్నారు. రెండు రోజులుగా ఆయన సరిగ్గా తినలేదని నాకప్పుడు తెలిసింది.

కంపెనీకి రస్సెల్ తనే చెప్పాడు. అతనికి గట్టిగానే అక్షింతలు పడ్డాయి కానీ ఉద్యోగం పోలేదు. రోజుకిచ్చే ఇళ్లు తగ్గించారో లేదో నాకు తెలియదు. మాకు మాత్రం ఆ ఏడాది కట్టిన డబ్బు వెనక్కి వచ్చింది. నీల్ ఇంటికొచ్చాక అంతా చెబితే, బాయిలర్ దగ్గరికి వెళ్లి దాని మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. ముందే ఎందుకు చెప్పలేదని గొడవ పడ్డాడు. పడనిచ్చాను.

రస్సెల్ ఆ తర్వాత ఇటు రాలేదు. నవంబరు గడిచింది, క్రిస్మస్ గడిచింది. మామయ్య పైకి అనేవారు కాదు గానీ వ్యాన్ చప్పుడైతే తల తిప్పేవారు. జనవరిలో ఒక రోజు ఆయనే ఫోన్ తీసుకున్నారు. ఆయనన్నది నాకు వినిపించింది.

“పనికొస్తే పని చెయ్యి. టీ తాగాలంటే ఆదివారం రా. రెండూ కలపకు, అంతే.”

ఫిబ్రవరిలో పెద్ద మంచు పడింది. బస్సులు ఆగిపోయాయి. ఊళ్లో సగం ఇళ్లలో బాయిలర్ల గొట్టాలు గడ్డకట్టాయని రేడియోలో చెప్పారు. మా ఇంట్లో రేడియేటర్ల మీద సాక్సులు ఆరుతున్నాయి. ఆదివారం మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. భుజాల మీద మంచుతో రస్సెల్ నిలబడి ఉన్నాడు. నడిచే వచ్చాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటినెక్కడ పెట్టుకోవాలో అతనికి తెలిసినట్టు లేదు.

“టీ ఉందా అక్కా?”

ఉందన్నాను.

మామయ్య వాల్టర్ గురించి ఒక కథ మొదలుపెట్టారు. గనిలో గుర్రానికి పొగాకు నమలడం ఎలా నేర్పాడో చెబుతూ చెబుతూ, గుర్రం ఉమ్మేసే చోటికి రాకముందే గడ్డం ఛాతీ మీద వాల్చి నిద్రలోకి జారుకున్నారు. గది వెచ్చగా ఉంది. కాసేపటికి గురక మొదలైంది. దీర్ఘంగా, తెరలు తెరలుగా, ఇల్లంతా నిండే గురక.

పెళ్లయిన కొత్తలో ఆ గురకకి నేను చెవుల్లో దూది పెట్టుకునేదాన్ని. రస్సెల్ లేవబోతే, కూర్చోమని సైగ చేశాను. ఇద్దరం టీ తాగుతూ వింటూ కూర్చున్నాం.